సూది సాక్ష్యం

సెకండ్ లైన్ బీచ్‌లో మేడ మీద గది.
ఓడల దిక్సూచులు సరిచేసే మునుసామి నాయుడు
పని మొదలెట్టే ముందు
తాళంచెవులు, ఇనప కళ్ళజోడు, నా సెల్‌ఫోను
గడప బయట పెట్టిస్తాడు.
"ఇనుము పక్కనుంటే సూది అబద్ధమాడతాది."

మొన్న సూర్యుడి మీద ఏదో ముడి తెగిందట.
దక్షిణానికి వాలిన ఆ అయస్కాంతపు గాలి
రాత్రి వచ్చి
భూమి ఉత్తరపు గడియ తీసిందట.
ధ్రువాల దగ్గర ఆకాశం
పచ్చగా, పచ్చిగా మండిందట.

ఇక్కడ, మద్రాసులో,
సూది వెంట్రుకవాసి కూడా కదిలినట్టు లేదు.
కదిలే ఉంటుంది.
కంటికి ఆనలేదు.

హార్బరులో ఓడ కూత.
నాయుడు గాజు తుడుస్తూ
కిటికీలోని ఎండతో అన్నాడు:
"నిన్ను గూడా గడప బయటే
పెట్టాల్సింది, నాయనా."