ముల్లు

పోయిన ఏప్రిల్లో పిస్టన్ కరిగిపోయింది.
మైనస్ ఇరవై ఆరు. గుహ్కేస్ సరస్సు నడిమధ్య.
ఊపిరి కనురెప్పల మీదే గడ్డకడుతున్న పూట
మా స్కూటర్ ఒళ్ళు కాలి చచ్చిపోయింది.
(మంచు మీద నడిచే ఈ బండిని
ఇక్కడ అందరం స్కూటరనే అంటాం.)

నవ్వకండి.
దీనికి ముందు రేడియేటర్ ఉండదు.
వెనక బెల్టు చిమ్మే మెత్తటి మంచే
కడుపు కింద తగిలి చల్లబరచాలి.
గాలి మూడు వారాలు అణగదొక్కి రాయి చేసిన చోట
మంచు ఉంటుంది, లేవదు.
నిండు చెరువు ముందు నాలుక పిడచకట్టడం
ఆ రోజు చూశాను.

పద్దెనిమిది కిలోమీటర్లు నడిచాం.
నేనూ, మా మేనమామ మిహ్కల్.
దారి పొడుగునా ఆయనది ఒకటే మాట,
"నాకు వినపడలేదే."

నలభై ఏళ్ళు చెవితో నడిపాడు ఆయన.
మందలో ఏ గంట ఏ జింకదో చెప్పినట్టు
ఏ సిలిండర్ అలిగిందో చెప్పేవాడు.
ఆ నలభై ఏళ్ళ చప్పుడే
ఆ చెవుల్ని తినేసింది.
ఊళ్ళో ఎవరూ ఆయనతో అనలేదు. నేనూ అనలేదు.
ఒక మీటరు కొన్నాను, అంతే.

కొత్త గొట్టానికి కత్తి పెట్టాలంటే చెయ్యి రాలేదు.
పెట్టాను.
పచ్చటి కూలెంట్ చేపల బకెట్‌లోకి కారింది.
మధ్యలో ఇత్తడి ముక్క, దానికి బొటనవేలంత సెన్సర్,
అటో క్లిప్పు, ఇటో క్లిప్పు.
డాష్‌కి రంధ్రం, యాభై రెండు మిల్లీమీటర్లు.
చలికి ప్లాస్టిక్ అప్పడంలా పగులుతుందని
మా రవ్న జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తెచ్చి
పది నిమిషాలు దానికి లాలపోశాను.
"నా పెళ్ళికి కూడా ఇంత ముస్తాబు చెయ్యవు"
అని గుమ్మంలోంచి రవ్న.

ఇంజిన్ తిరిగింది. దీపం వెలిగింది.
ముల్లు కదల్లేదు.
అరగంట. కదల్లేదు.
మామయ్య పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చాడు,
గొట్టాన్ని గోటితో గీకాడు.
"రబ్బరు. అటూ రబ్బరే, ఇటూ రబ్బరే.
నీ ఇత్తడి ముక్క నడుమ వేలాడుతోంది.
ఎర్త్ ఏదీ?"

ఎర్త్.
అక్టోబరు నుంచి ఎవరికీ కనపడని భూమి.
నాలుగడుగుల మంచు కింద ఉందన్న నమ్మకం మీదే
అందరం తిరుగుతున్నాం.
నల్ల వైరు ఒకటి ఛాసిస్‌కి బిగించాను.
ముల్లు ఒళ్ళు విరుచుకుని లేచింది.

మళ్ళీ అదే సరస్సు.
వెనక సీట్లో ఆయన, గడ్డం నా భుజం మీద ఆనించి
దారి చూడడు, ముల్లునే చూస్తాడు.
అరవై. డెబ్బై రెండు. గట్టి మంచు.
ఎనభై ఐదు.
భుజం మీద గుద్దు.
తొంభై.
ఇంకో గుద్దు.
ఒడ్డుకి తిప్పాను, మరుగుజ్జు బర్చ్ చెట్ల నీడలో
పొడి మంచు మోకాలి దాకా దాచిపెట్టి ఉంది.
వెనక తెల్లటి పొగలా లేచింది.
ముల్లు మెల్లిగా దిగింది, కోపం పోయిన మనిషిలా.

ఇంజిన్ ఆపాను. తాళం మాత్రం తిప్పే ఉంచాను.
చప్పుడు లేదు, పొగ లేదు.
ముల్లు మళ్ళీ పైకి పాకుతోంది.
కంగారుపడి చూస్తే మామయ్య నవ్వుతున్నాడు.
"మీ అమ్మా అంతే. అరవడం ఆపాకే అసలు వేడి.
కాసేపు ఎవరూ దగ్గరికి పోయేవాళ్ళం కాదు."
అమ్మ పోయిన ఏడేళ్ళలో
ఆమె గురించి ఆయన నవ్వడం ఇదే మొదలు.

అప్పుడు చేతి తొడుగు తీశాడు.
మీటరుకి వీపు తిప్పి
అరచెయ్యి బానెట్ మీద పరిచాడు.
కళ్ళు మూసుకున్నాడు.
"తొంభై ఒకటి," అన్నాడు.

ఎనభై నాలుగు, అన్నాను.

వినపడలేదు.