కుక్క వాటా

ఇరవై రెండేళ్ళు ఫ్రిజ్‌లు చేశాను
రొసారియోలో, నది పక్క ఫ్యాక్టరీలో.
తలుపు అంచుకి రబ్బరు పట్టీ బిగించడం నా పని,
చల్లదనం చీమ తలంతైనా బయటికి పోకుండా.
లోపల ఎవరేం పెట్టుకుంటారన్నది
నా విభాగం కాదు.

ఇప్పుడదే నా విభాగం.
మూడు షిఫ్టులు కాస్తా ఒకటయ్యాక,
ఆ ఒక్కటీ నాది కాకుండా పోయాక
గ్రసియేలా రాత్రుళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతోంది.
నేను గ్యాసు బిల్లు వెనకవైపు
వారం వంటలు రాస్తున్నాను.

సోమవారం పప్పు.
మంగళవారం అదే పప్పు, ఎసరు పెంచి.
బుధవారం దాన్లోనే పిడికెడు బియ్యం పడితే
పిల్లలకి వేరే పేరు చెప్పొచ్చు.
గురువారం మొక్కజొన్న సంకటి.
శుక్రవారం దగ్గర పెన్సిలు మొన విరిగింది,
చెక్కలేదు. దాని దారి అది చూసుకుంటుంది.

ఎవారిస్తో కొట్లో ధరలు సుద్దతో రాస్తాడు,
చొక్కా చేతితో తుడిచి మళ్ళీ రాస్తాడు.
నూనె పెరిగిందో లేదో పలక చూడక్కర్లేదు,
అతని మోచెయ్యి ఎంత తెల్లబడిందో చూస్తే చాలు.
టమాటాలు తూచాక ఒకటి తీసెయ్యమనడానికి
మొదటి నెల నోరు రాలేదు.
ఇప్పుడు ఏది తియ్యాలో కూడా నేనే చూపిస్తాను.

మాంసం కొట్టు దగ్గర మాత్రం అబద్ధమాడాను.
"ఎముకలుంటే ఇవ్వు, కుక్క కోసం."
ఒనోఫ్రే కత్తి నూరుతూ అడిగాడు,
"పేరేమిటి?"
పక్కన నా వేలు పట్టుకుని చిన్నది, మైతేనా.
"పిరూలో" అన్నాను, నోటికొచ్చింది.
ఆ ఎముకలతో మూడు పూటలు పులుసు కాగింది.
తర్వాతి వారం పొట్లం కాస్త బరువెక్కింది.
"పిరూలో చిక్కిపోయాడని విన్నా" అన్నాడు
నా మొహం చూడకుండా.
ఈసారి ఎముకలకి కండ ఉంది.

ప్రతి నెలా ఇరవై తొమ్మిదిన మా ఊళ్ళో న్యోకి తింటారు.
జీతం అడుగంటిన రోజున కూడా
బంగాళాదుంపా పిండీ దొరక్కపోవని
పెద్దవాళ్ళు పెట్టిన ఆచారం.
ముద్దని వేలెడేసి తుంచి
ఫోర్కు వీపు మీద దొర్లిస్తే గీతలు పడతాయి,
ఆ గీతల్లోనే పులుసు నిలుస్తుంది.
కంచం కింద నోటు పెట్టుకుని తినాలి,
వచ్చే నెల చేతిలో డబ్బాడాలని.

కంచాలు నాలుగు. నోటు ఒకటి.
మిగతా మూడింటి కిందా
సూపర్‌మార్కెట్ కూపన్లు మడిచి పెట్టాను.
లౌతారో కంచం ఎత్తి చూసి
"నాకు గడ్డం బ్లేడ్ల మీద ఇరవై శాతం!" అన్నాడు
ఒక్క వెంట్రుక మొలవని మొహంతో.
గ్రసియేలాకి రెండు కొంటే ఒకటి ఉచితం, పిల్లి మేత.
నాకు గడువు దాటిన కాఫీ.

నోటు మైతేనాకి పెట్టాను.
అది లేచి, చిన్న సాసరు తెచ్చి, బల్ల మూల ఉంచి,
ఒక్క న్యోకి వేసి,
నోటు తీసి దాని కిందికి తోసింది.
"ఇదెవరికే?" అంది వాళ్ళమ్మ.
"పిరూలోకి. ఇంట్లోకి మాంసం తెచ్చేది వాడే కదా."

గ్రసియేలా నా వైపు చూసింది.
ఆమెకి కుక్క సంగతి తెలియదు,
పులుసు సంగతే తెలుసు.
కాసేపటికి తన కంచంలోంచి ఇంకొకటి తీసి
సాసర్లో వేసి
కోటు తొడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయింది.

ముప్ఫయ్యో తారీకు పొద్దున్నే
సాసరు కింద నోటు తీశాను, రొట్టెకి.
న్యోకి రెండూ లేవు. ఎవరు తిన్నారో అడగలేదు.
వీధిలో ఒనోఫ్రే షట్టరు ఎత్తుతున్నాడు.
"ఎలా ఉన్నాడు?"
"బాగా తింటున్నాడు" అన్నాను.