శివారు సీటు

"హీటరా?" అని నవ్వేశాను ముందు.
ఎర్రవంతెన దగ్గర నా షెడ్డుకి
ఏసీ చల్లగా లేదని వచ్చేవాళ్ళే గాని
వేడి తగలట్లేదని వచ్చింది తాతబ్బాయి ఒక్కడే.

వాడు నవ్వలేదు.
"వారానికి మూడుసార్లు కాకినాడండి, డయాలసిస్‌కి.
ఎనిమిది మంది. తెల్లారుజామున నాలుక్కి బయల్దేరతాం.
ఎదుర్లంక వంతెన మీద మంచు, ముందు రోడ్డే కనపడదు.
తిరిగొచ్చేప్పుడు మరీను.
రక్తం బయట తిరిగొచ్చిన మనిషికి
మిట్టమధ్యాహ్నం కూడా వణుకే.
నా కాళ్ళకి కాస్త గోరువెచ్చగా తగుల్తాది.
వెనక ఎడంపక్క అమ్మాజీ గారికి అదీ లేదు.
రెండు దుప్పట్లు, పైన ఒక గోనె."

బానెట్ ఎత్తాను.
ఇంజను గంట తిరిగినా ముల్లు అడుగునే పడుకుంది.
థర్మోస్టాట్ ఉండాల్సిన గూడు ఖాళీ.
ఎవడు పీకాడ్రా అని తిట్టబోయి ఆగాను.
బోల్టు తల మీద పచ్చ పెయింటు చుక్క.
నా గుర్తే.
తొమ్మిదేళ్ళ కిందట, పాత ఓనరుతో నేనన్నమాటే:
"మన వేడికి ఇదెందుకండీ, దండగ."

తాతబ్బాయికి చెప్పలేదు.
చెప్పలేదు గాని కూలి సగమే అన్నాను.
వాడు అనుమానంగా చూశాడు.

హీటరు గొట్టాలూడదీసి
వెనక నుంచి నీళ్ళు పెట్టాను, మెల్లగా.
మొదట ఆషాఢం కొత్తనీరులా ఎర్రగా,
తర్వాత చిక్కగా, నున్నగా, ఒండ్రు.
కూలెంటు కొనలేక ఇన్నాళ్ళూ
దారిలో ఏ కాలవ కనపడితే ఆ కాలవ నీళ్ళే పోశాడు.
పేరుకుని పేరుకుని
లోపల చిన్న లంకే కట్టింది.
ఇంకో నాలుగేళ్ళాగితే కొబ్బరి మొక్కేయొచ్చు.

మా నాన్నది శివారు ఎకరం.
లాకులెత్తిన రోజున
పైవాళ్ళ చేలన్నీ తాగి తాగి, గట్లు తెగి,
మా బోదెకి తడి వాసన మాత్రం వచ్చేది.
నీళ్ళొదిలాం అని కాయితం మీద ఉండేది.
అబద్ధం కాదు. ఒదిలారు.

ముందు సీటు కింద గొట్టంలో చెయ్యి పెట్టాను.
ఎలక గూడు. కొబ్బరి పీచు,
కొరికేసిన ల్యాబు చీటీలు,
ఎవరిదో క్రియాటినిన్ తొమ్మిది పాయింటు ఎంతో,
మిగతా అంకె ఎలక తినేసింది.

గాలి మళ్ళించే తలుపు పళ్ళరిగి ఓ పక్కకే వాలిపోయింది.
తూము తలుపులాంటిదే, ఇంకా చిన్నది.
సైకిలు పుల్ల వంచి ఊత పెట్టాను.
కొత్త థర్మోస్టాట్‌ని
పక్కన వీరమణి టీకొట్టు గిన్నెలో వేసి చూశాను.
మరుగు పట్టే ముందు, ఆవులించినట్టు,
నెమ్మదిగా నోరు తెరిచింది.
"గిన్నె నువ్వే తోముకో" అంది వీరమణి.

బండి మూతిని గట్టెక్కించి, గొట్టం పిసుకుతూ
గాలి బుడగలన్నీ పోయేదాకా కూచున్నాను.
ఆఖరి బుడగ తెమలడానికి పొద్దు కుంకింది.

మర్నాడు నేనూ ఎక్కాను, చూద్దామని.
ముమ్మిడివరం దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు.
అమ్మాజీ గారు గోనె తీసి మడిచి
ఒళ్ళో పెట్టుకున్నారు.
మరి కాసేపటికి ఒక దుప్పటి.
వంతెన మీదికొచ్చాక
"ఒరే అబ్బాయ్, ఉక్కగా ఉందిరా,
కాస్త తగ్గించు" అన్నారు విసుగ్గా.
పుల్ల అరంగుళం లాగాను.
ఇన్నేళ్ళలో నా పనిని
ఇంత బాగా ఎవరూ తిట్టలేదు.

షెడ్డు అటక మీద పాత బిస్కెట్ల డబ్బా ఒకటుంది.
నేను పీకిన థర్మోస్టాట్లన్నీ అందులోనే.
దించి లెక్కపెట్టాను: నలభై మూడు.
ఏది ఏ బండిదో ఒక్కదానికీ గుర్తులేదు.
పచ్చ చుక్కలన్నీ బోల్టుల మీద,
రోడ్ల మీద తిరుగుతున్నాయి.