ఇరవై నిమిషాలు

ఆగస్టు ఇంకా అయిపోలేదు,
అప్పుడే సుపీరియర్ సరస్సు మీంచి చలిగాలి.
కళాశాఖ భవనంలో నా గది నేల కింద,
కుండల బట్టీకీ బాయిలర్‌కీ మధ్యన.
తలుపు మీద నా పేరు, దాని కింద ‘సలహాదారు’.
ఒకప్పుడు రాగిరేకుల మీద సూదితో గీసేదాన్ని.
ఇప్పుడు ఊళ్ళో పిల్లలందరి టైంటేబుళ్ళూ గీస్తున్నాను.

మనిషికి ఇరవై నిమిషాలు.
నూట ఇరవై క్రెడిట్లు, ఎనిమిది సెమిస్టర్లు,
మొదటి ఏడాది డ్రాయింగ్ తప్పదు,
లెక్కల కోర్సొకటుంది, ఏడ్చినా ఉంది,
మట్టిపని గురువారం పొద్దున్నే, గోళ్ళు కత్తిరించుకుని రండి.
చిలక్కి చెప్పినట్టు చెబుతాను.
చిలకలు ఫోన్లలో ముక్కులు దూర్చి ఉంటాయి.

అరచేతిలో వైకుంఠం చూపించడం నాకు చేతకాదు.
“చదివాక ఉద్యోగం వస్తుందా?” అని ఒక తల్లి అడిగితే
“తెలీదండీ” అన్నాను, పోయిన వారం.
ఆవిడ నన్ను చూసి, కూతుర్ని చూసి,
సంచిలోంచి పొగబెట్టిన చేప పొట్లం తీసి
నా బల్ల మీద పెట్టి వెళ్ళింది.
ఎందుకిచ్చిందో ఇప్పటికీ తెలీదు. తిన్నాను.

నిన్న పదకొండూ నలభైకి వెస్లీ హకాలా.
ఇనపగని ఊరు, నలభై మైళ్ళు, వాళ్ళ మామయ్య ట్రక్కు.
కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని
“రంగుల కోర్సు నాకొద్దు” అన్నాడు.
“పొద్దున్న ఎనిమిదింటికని అందరూ అదే అంటారు.”
“అది కాదు.
మా నాన్న గనిలోంచి వస్తే చొక్కా ఎర్రగా ఉంటుందంటారు.
తెల్లబట్టలు పాడవుతాయని అమ్మ దాన్ని విడిగా ఉతుకుతుంది.
నాకది నాచు రంగు.
ఎనిమిదేళ్ళప్పుడు నాన్న బొమ్మ వేశాను.
టీచరు దాన్ని ఎత్తి పట్టుకుని క్లాసంతటికీ చూపించింది.”

దీనికో ఫారం ఉంది. దేనికైనా ఒక ఫారం ఉంటుంది నా దగ్గర.
మినహాయింపు: రెండు ప్రతులు, డాక్టరు చీటీ జతచేయాలి.
అతని పేరు రాశాను. నంబరు రాశాను.
‘కారణం’ అన్న గీత దగ్గరికి వచ్చేసరికి
“అందులో ఏం చెబుతారు?” అన్నాడు.
“ఎందులో?”
“ఆ క్లాసులో. వెళ్ళకపోతే నాకేం పోతుంది?”

ఇరవై రెండేళ్ళు ఈ కుర్చీలో.
ఏ కోర్సు తేలికో అడిగారు,
ఏ మాస్టారు మార్కులు ధారాళంగా వేస్తాడో అడిగారు,
ఫీజు ఎప్పటిలోగా వెనక్కిస్తారో అడిగారు.
ఏం పోతుందని ఎవరూ అడగలేదు.
నా నోట మాట రాలేదు.

కారిడార్లో ముగ్గురు నేలమీద కూర్చుని ఉన్నారు.
“పది నిమిషాలు” అని వాళ్ళకో అబద్ధం చెప్పి
అతన్ని మూడో అంతస్తుకి తీసుకెళ్ళాను.
ఖాళీ గది, బూడిదరంగు గోడలు,
సొరుగులో ఎవరో మర్చిపోయిన రంగు అట్టముక్కలు.
ఎరుపులన్నీ ఏరి బల్ల మీద పరిచాను.
“వెలుగు నుంచి చీకటికి పేర్చు.”
అతను గబగబా పేర్చాడు, పేకాటలో చెయ్యి తిరిగినవాడిలా.
రెండుచోట్ల తప్పనుకున్నాను.
కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి కళ్ళు చికిలించి చూస్తే
ఒకచోట తప్పు నాది.
రెండోచోట ఎవరిదో తేలలేదు, మబ్బు పట్టింది.

“అయితే?” అన్నాడు.
“నాకు తెలీదు, వెస్లీ” అన్నాను.
నవ్వాడు. మొదటిసారి కూర్చున్నాడు, కిటికీ గట్టు మీద.

ఫారం ఇంకా నా బల్ల మీదే ఉంది,
కారణం లేకుండా, చేప నూనె మరకతో.
శుక్రవారం అయిదింటికి రిజిస్ట్రేషన్ మూసేస్తారు.
సాయంత్రం ఇంటికి వెళుతుంటే గేటు పడింది.
రేవుకి పోయే ఖనిజం రైలు,
వ్యాగన్ల నిండా ఆ ఎరుపు.
దాన్ని నాచు రంగుగా చూడాలని
చాలాసేపు ప్రయత్నించాను.
వెనక కారువాడు హారన్ కొట్టాడు.
గేటు ఎప్పుడో లేచింది.