మా కప్పు, వాళ్ల నేల

సామారంగం చౌక్ వెనక సందులో
నా టైలరింగ్ కొట్టుకి కప్పు పాత టేకు బల్లలు.
పైనుండే భ్రమరాంబగారికి అదే నేల.
ముప్పయ్యేళ్లుగా ఆవిడ ఏ గదిలోకి నడుస్తోందో
తలెత్తకుండా చెప్పగలను.

ఇప్పుడు దానిమీద కొత్త చెక్క వేయిస్తోంది.
బండలు పరిస్తే ఈ దూలాలు మోయవు మరి.

కంకిపాడు నుంచి వడ్రంగి నాగమల్లాచారి వచ్చాడు.
పలకలు దించాడు, పని మొదలెట్టలేదు.
"గదికి అలవాటు పడనీండి" అంటూ
పదిహేను రోజులు ఫ్యాను కింద పడుకోబెట్టాడు.
కొత్త కోడలికి కూడా మా ఇళ్లలో అన్నాళ్లు ఇవ్వలేదు.

ఈలోగా పైన పంచాయితీ.
ఆవిడ తమ్ముడు జిగురన్నాడు, అంటించేస్తే చప్పుడుండదని.
మేనల్లుడు ఫోను చూపించి
కొట్టొద్దు, అంటించొద్దు, చాపలా పరిచేద్దామన్నాడు.
ఆచారి బీడీ ఆర్పాడు.
"చాపలా పరిచే చెక్క వేరు బాబూ.
ఇది నిండు టేకు. రోహిణికి ఎండుద్ది,
బ్యారేజీ గేట్లెత్తే నాటికి నీళ్లు తాగి ఉబ్బుద్ది.
పట్టు లేకపోతే లేచి కూర్చుంటది.
జిగురంటారా, రేపు ఒక్క పలక చెడి పీకితే
కింద బల్లని కూడా చీల్చుకుని వస్తది.
మేకే.
పలక నాలుకలో, ఏటవాలుగా,
పక్కదాని గాడి వచ్చి కప్పేసేట్టు.
గోడల దగ్గర మాత్రం వేలు పట్టే సందు వదలాలి,
ఊపిరికి."

సరే అన్నారు.
అప్పుడు మెట్లు దిగి నా కొట్లోకొచ్చాడు,
అడక్కుండానే కటింగు బల్లెక్కాడు,
కప్పుని అరచేత్తో తడిమాడు,
నా సుద్దతోనే దూలాల వెంట గీతలు గీశాడు.
"దూలం ఉన్నచోట రెండంగుళాల మేకు.
మధ్యలో ఒకటిన్నరే.
మొన ఇవతలికొస్తే నీ గుడ్డలు పట్టుకుంటాయి గదా."

మూడు రోజులు సుత్తి.
నా మిషను కాలు దానికే తాళం కట్టింది.
నాలుగోనాడు నిశ్శబ్దం.

కిటికీ దగ్గర కిర్రుమనే పాత బల్లని
ముందే మరలు పెట్టి బిగించేశాడట, పనిమంతుడు.
రాత్రి తొమ్మిదింటికి,
ఆవిడ మాత్రలకి లేచే వేళ,
సూది ఆపి విన్నాను.
లేచిందో లేదో తెలియలేదు.

పొద్దున మెట్లెక్కాను,
జాకెట్టుకి లైనింగు ఏ రంగు వెయ్యాలని.
నిరుడు చెప్పిన రంగే అది, నాకు తెలుసు.
చెప్పులు బయట విడిచాను.
పాదం కింద నునుపుగా, కాస్త వెచ్చగా ఉంది
నా కప్పు.