మూడో బోర్డు

అజ్మాన్‌లో ఆదివారం. ఏసీ ఆపేశాం,
అది కూడా కూస్తుంది తెరమీద.

అరచేతంత లినక్స్ కంప్యూటర్.
దాని నెత్తిన, నలభై పిన్నుల మీద నిలబడి
నేను గీసిన రేడియో బోర్డు.

నూట అరవై రెండు మెగాహెర్ట్జ్ పక్కన
వారం నుంచీ ఓ సన్నటి గీత.
ఏదో ఓడ అని మురిశాను.
యాంటెన్నా పీకేశాను.
గీత పోలేదు.

"నీ గొంతే నీకినబడుతుంది"
సోల్డర్ పొగ ఊదుతూ గంగమల్లు.

కరెంటు కాయిల్‌ని ఆ మూలకి జరిపాం.
గ్రౌండ్‌కి కుట్లు వేశాం, బొంతకి వేసినట్టు
దగ్గరదగ్గరగా.
రేకు డబ్బా బోర్లించాం.

తెరంతా నలుపు.
కాసేపు భయమేసింది.

అప్పుడొక చిటికెడు వెలుగు:
ఎక్కడో ఓ లాంచీ,
ఉల్లిగడ్డలు దించి పోతోందేమో,
తన పేరు చెప్పింది
ఒక అక్షరం తప్పుతో.