అదే, పు. 112

పర్లాకిమిడి బస్టాండు వెనక,
కొమ్ము బొమ్మల దుకాణం మేడ మీద నా డీటీపీ గది.
బోర్డు మీద మూడు లిపులు.
ఒడియాలో నా పేరు ఒక అక్షరం తప్పు,
ఇరవై రెండేళ్ళయినా ఎవరూ చెప్పలేదు.

మెట్ల మీద గొడుగు వదిలేసి మినతి ఆచారి వచ్చింది.
చేతిలో నేను కొట్టిచ్చిన కాగితాలే,
అంచులన్నీ కిళ్ళీ ఉమ్మినట్టు ఎరుపు.
సరిహద్దు ఊళ్ళ జోలపాటల మీద
ఇరవై ఎనిమిది పేజీల పరిశోధన పత్రం.
గైడు గారు పేరాకొకటి ఒకే మాట రాశారు:
ఆధారం?
"జోలపాటలు తల్లులు పాడతారు" అన్నచోట కూడా,
ఆధారం?
నాకు నవ్వొచ్చింది. ఆ పిల్లకి రాలేదు.

ఎన్ని కొట్టుంటాను ఈ పాదసూచికలు!
చూ., పు., సం., అదే.
రాసినవాళ్ళు పైన గొంతు సవరించుకుని మాట్లాడతారు,
కింద, గీత దాటాక, అప్పులు ఒప్పుకుంటారు.
నాకు కిందదే ఇష్టం.
పన్నెండు పాయింట్లలో ఎంతైనా కోయొచ్చు,
తొమ్మిది పాయింట్లకి దిగాక
ఊరు చెప్పాలి, ఏడాది చెప్పాలి, పుట చెప్పాలి.

"పంతొమ్మిదో పేజీ చూడండి" అంది.
ఒక్క వాక్యం కింద రెండు గీతలు, పక్కన *బాగుంది*,
దాని కిందే *ఆధారం?*

"ఇక్కడ తల్లి ఒక భాషలో జోకొడుతుంది,
బిడ్డ ఇంకో భాషలో నిద్రపోతుంది."

"ఇది నేను రాయలేదండీ."

ఏటి చెప్పను.
ఆ రాత్రి ఆమె చేతిరాతలో
రెండు పేరాల మధ్య గోడ బీటలా సందు కనబడింది.
ఇంత సున్నం మెత్తాను.
"అయితే మీ మాటేనా?"
"నాది కాదమ్మా. ఎప్పుడో, ఎవరికో కొట్టాను."

బిస్కెట్ల డబ్బాలో పాత సీడీలు దించాం.
గుణుపురం, కాశీనగరం, బరంపురం,
ఎవరెవరి డిగ్రీలో, గీతలు పడి.
దీపాలు పెట్టేవేళకి దొరికింది.
కాశీనగరం బడిపంతులు ఒకాయన పత్రం, అదే వాక్యం,
కొటేషన్లలో బుద్ధిగా కూర్చుని ఉంది. కింద:

41. అదే, పు. 112.

పైన 40, అదే. 39, అదే. 38, అదే, పు. 9.
ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని
చీకట్లో నడుస్తున్న మనుషుల్లా.
ముప్పై మూడు దగ్గర ఫైలు తెగిపోయింది.
ఫాంటు విరిగి చుక్కలూ కొక్కేలూ మిగిలాయి.
ఆ మొదటి "అది" ఏదో
అక్కడ ఉంది. చదవడానికి రాదు.

"ఆ మాస్టారు?"
"పోయారు. మహేంద్రతనయ పొంగిన ఏడాది."

వాన తగ్గలేదు.
కింద కొమ్ము అరగదీస్తున్నారు, కాలిన వాసన పైకొస్తోంది.
డిలీట్ మీద వేలు పెట్టి అడిగాను, తీసేయమంటావా అని.
తీసేస్తే ఆమెకీ సుఖం, నాకూ సుఖం.
ఆ సందు మళ్ళీ తెరుచుకుంటుంది, అంతే.

"జరగండి" అంది.
కుర్చీ లాక్కుని, రెండే వేళ్ళతో,
అక్షరానికొకసారి నా మొహం చూస్తూ కొట్టింది:

37. పర్లాకిమిడిలో, ఒక డీటీపీ గదిలో విన్నది.
చెప్పినవారు కింతలి తవటయ్య. తనది కాదన్నారు.

పుట లేదు. తేదీ వేసింది.
నా పేరులో టకారానికి గుడి పెట్టడం మరిచిపోయింది.
వేలు దురద పెట్టింది గానీ
దిద్దలేదు.

పేజీకి పన్నెండు రూపాయలు, ఆ పేజీకి కూడా తీసుకున్నాను.
బైండింగు బరంపురంలో చేయించుకుందట.
గైడు గారు ఆ చిన్న అక్షరాల పక్కన
ఏం రాశారో, అసలు రాశారో లేదో,
కనుక్కుందామనుకుంటూనే
ఇంకొకరి గ్రంథసూచి మొదలెట్టాను.